ముఖం మీద మెరుపు

మెరుపు స్టూడియో నడిపే మనిషిని జనం మెరుపు అనక ఇంకేమంటారు? పాలవాడికి మెరుపు గారు, పిల్లలకు మెరుపు మామయ్య, కోపం వచ్చినప్పుడు కట్టుకున్న భార్యకు కూడా ఉత్త మెరుపే. పనిలో మాత్రం మెరుపూ లేదు, ఉరుమూ లేదు. పాస్‌పోర్టు ఫొటోకని వెళ్తే కుర్చీ జరిపి, లైటు జరిపి, మళ్ళీ కుర్చీ జరిపి, "గడ్డం కొంచెం దించండి... అబ్బే, అంత కాదు" అంటూ ప్రాణం తోడేస్తాడు. అయితే ఆయన తీసిన ఫొటోలో మనిషి మనిషిలా ఉంటాడు. ఆ మాట ఒప్పుకుని తీరాలి.

మొదట్లో ఫొటో కింద ఒక మూల చిన్న అక్షరాలతో స్టూడియో పేరు వేసేవాడు. ఒకసారి ఆయన తీసిన పెళ్ళికూతురి ఫొటోని పక్క బజారు స్టూడియో వాడు ఎక్కడో సంపాదించి, ఆ మూల కత్తిరించి, దర్జాగా తన షాపు ముందు బోర్డుగా కట్టుకున్నాడు. ఇదేం పనయ్యా అని అడగబోతే, "నీ పేరెక్కడుందో చూపించు" అన్నాడు. మెరుపుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రోజు నుంచి నమూనాకని ఫోన్‌కు పంపే ప్రతి ఫొటో మీదా, ముఖానికి అడ్డంగా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తెల్లటి లావుపాటి అక్షరాలు: మెరుపు. దాని కింద తన ఫోన్ నంబరు. ప్రింటు తీసుకుంటేనే శుభ్రమైన ముఖం.

"అలా మధ్యలో పులిమేస్తే ఫొటో ఎవరిదో ఎలా తెలుస్తుందండీ?" అంది కౌంటరు చూసుకునే భార్య.

"నాదని తెలుస్తుందిగా, చాలు."

"బాగుంది వరస. దొంగ వస్తాడని ఇంటాయన నోటికి తాళం వేసినట్టుంది."

ఎదురుగా మందుల షాపులో ఒక అమ్మాయి పనిచేస్తుంది. ఆమె కొడుకు పుట్టినరోజుకు మెరుపే ఫొటోలు తీశాడు, పిల్లాడి తాతయ్యకు విడిగా ఒకటి. ఏవి ప్రింటు వేయించాలో ఎంచుకోమని నమూనాలు పంపాడు. పని హడావిడిలో ఆ పిల్ల ఎంచుకోనేలేదు. ఇంతలో ఒక ఉదయం ఫోన్ చేసింది.

"అంకుల్, నాన్న కనబడటం లేదు. మొన్నటి నుంచే మతిమరుపు ఎక్కువైంది. తలుపు తీసుకుని ఎటో వెళ్ళిపోయారు. నా దగ్గరున్నవన్నీ పాత ఫొటోలు. పుట్టినరోజు నాడు మీరు తీసినదాంట్లోనే బాగా ఉన్నారు. ఆ అక్షరాలు లేనిది ఒక్కటి పంపరూ?"

మెరుపు అప్పుడు ఒక ఫంక్షన్ హాల్లో స్టాండు బిగిస్తున్నాడు. "పనిలో ఉన్నానమ్మా, సాయంత్రం పంపుతా. అందాకా ఉన్నదే పంపించు, మనిషి తెలుస్తూనే ఉన్నాడుగా" అన్నాడు. షాపులో ఉన్న భార్యకు ఒక్క ఫోన్ కొడితే ఆవిడే పంపేది. కొట్టలేదు మహానుభావుడు!

సాయంత్రానికి ఆ ఫొటో ఊరంతా తిరిగింది. "మామా, ఏ ఫోన్ చూసినా నీ పేరే" అన్నాడు క్షౌరం చేసే కుర్రాడు. మెరుపు నవ్వాడు. అవును, నవ్వాడు. షాపుకొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని, పేరు లేని ఫొటో తెరిచాడు కూడా. ఇది ఇన్ని ఫోన్లలోకి పేరు లేకుండా వెళ్తుందా అనిపించింది. ఎలాగూ అందరికీ చేరిందిగా, రేపు పంపుదాంలే అనుకుని మూసేశాడు.

మర్నాడు పొద్దున్నే తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. బస్టాండు దగ్గర టీకొట్టు ఆయన. ఒకరి నుంచి ఒకరికి చేరడంలో అమ్మాయి నంబరు ఎక్కడో ఊడిపోయింది. ఫొటో మీద మెరుపు పేరు కింద ఉన్న నంబరొక్కటే మిగిలింది.

"నిన్న సాయంత్రం మీ పెద్దాయన నా కొట్లోనే కూర్చున్నాడండీ. టీ ఇచ్చా. ఫోన్ పక్కన పెట్టుకుని ఎంతసేపు పోల్చి చూశానో! ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉంది ఆయనకి. ఫొటోలో సరిగ్గా అక్కడే మీ 'రు' కూర్చుంది. కళ్ళు చూద్దామంటే వాటి మీదా అక్షరాలే. ఈయన కాదేమోలే అని లేచి వెళ్తుంటే ఆపలేదు. రాత్రంతా నిద్ర పట్టలేదండీ. ఇంతకీ పుట్టుమచ్చ ఉందా?"

మెరుపు పరుగున వెళ్ళి ఫొటో తెరిచాడు. ముక్కు పక్కన మిరియపు గింజంత పుట్టుమచ్చ. ఆ పేరు లేని ఫొటోను అప్పటికప్పుడు అమ్మాయికి పంపాడు. విషయం విని భార్య తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ బిల్లు పుస్తకం తెరిచి లెక్కలు చూసుకుంది.

పేరు లేని ఫొటో చేరిన గంటకల్లా పక్క ఊరి ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. పెద్దాయన ఏదో బస్సెక్కి ఆ ఊరు చేరి, రాత్రే బస్టాండు మెట్ల మీద పడి, నుదురు చిట్లి, అక్కడ చేరాడు. అమ్మాయి రాత్రే ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి నాన్న పేరు చెప్పి అడిగింది కూడా. ఆ పేరుతో ఎవరూ లేరన్నారు. ఎందుకు ఉంటారు? కట్టు కట్టిన నర్సు పేరడిగితే ఆయనకు గుర్తు రాలేదు. తన ఫోన్‌కు వచ్చిన ఫొటో చూపించి, ఇది మీరేనా తాతయ్యా అంటే, కళ్ళు చికిలించి దాని మీద ఉన్నది కూడబలుక్కుని చదివాడు. ముఖం పోల్చుకోలేక నర్సు ఆ నంబరుకు ఫోన్ చేయలేదు, ఆయన నోటి నుంచి వచ్చిన ఆ పేరే రాసుకుంది.

ఈ సంగతి విన్నాక మెరుపుకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఎదురు షాపు వైపు చూడాలంటే ముఖం చెల్లలేదు. మూడో రోజు అమ్మాయే వచ్చింది. "నాన్న జేబులో పెట్టడానికి ఒక ఫొటో కావాలంకుల్. నుదుటి మీద కుట్లు పడ్డాయిగా, కొత్తది తీయాలి. ఆయన్ని బయటికి తీసుకురాలేను, మీరే రావాలి."

వెళ్ళాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. "అమ్మా, ఆ సాయంత్రమే పంపాల్సింది. ఫొటో తెరిచి కూడా మూసేశాను. నా పేరు పోతుందని పంపలేదు. నేను చేసింది మనిషి చేసే పని కాదు."

అమ్మాయి పక్కకు తొలగి దారిచ్చింది. "ముందు ఫొటో తీయండి అంకుల్" అంది.

కిటికీ పక్క కుర్చీలో పెద్దాయన కట్టుతో కూర్చుని ఉన్నాడు. మెరుపు కుర్చీ జరపలేదు, గడ్డం దించమనలేదు. కెమెరా చూసి ఆయన బెదురుతుంటే, మాటల్లో పెడదామని, "సార్, మీ పేరేంటండీ?" అన్నాడు.

"మెరుపు" అన్నాడు పెద్దాయన, వెంటనే, నిండుగా.

"ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ ఇదే మాట అంకుల్" అంది అమ్మాయి. "అసలు పేరు చెప్తే కాదని కోప్పడుతున్నారు."

మెరుపు కెమెరా కింద పెట్టేసి, ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అది మీ పేరు కాదు సార్. అది నాది."

పెద్దాయన ముఖంలో నిండుతనం పోయింది. ఒకరి వస్తువు పొరపాటున తీసుకున్నవాడిలా నొచ్చుకున్నాడు. "అయ్యో, మీదా బాబూ? క్షమించండి" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "మరి నాదేదీ?"

మెరుపుకు తెలియదు. ఇన్నేళ్ళుగా ఆయన మందుల షాపు అమ్మాయి వాళ్ళ నాన్న, అంతే. అమ్మాయి వైపు తల ఎత్తలేక, నేలకేసి చూస్తూనే అడిగాడు.

"నాన్నగారి పేరేంటమ్మా?"