పసుపు పూసిన పొగబాంబు

ఆయుధపూజ నాడు మా ఆవిడ కొడవలితోపాటు, చిన్నాయన పాత యుద్ధం నుంచి గుర్తుగా తెచ్చుకున్న పొగబాంబు డబ్బాకూ నిండా పసుపు పూసింది. అదీ ఆయుధమేనట! చిన్నాయన కేకకు ఉరవకొండ కొండ సగం కుంగింది.

"డబ్బా మీది రంగు పట్టీ చూస్తేనే కదమ్మా లోపలేముండాదో తెలిసేది! రంగుపొగ మందయితే సరే. భాస్వరమయితే గాలి తగిల్తే అంటుకుంటాది."

అప్పుడు కనిపించింది, డబ్బా అడుగున చిల్లు పడబోతున్న తుప్పు.

"నీళ్లలో ముంచప్పా!" అన్నాడు చిన్నాయన.

కరువు రోజులు, ఇంట్లో ఉన్నది ఒక్క కుండ తాగునీళ్లు. "మైళ్లు నడిచి మోసినాను, ముట్టొద్దు!" అని ఆవిడ అడ్డుపడింది. అయినా ముంచేశాను. పసుపు కరిగింది. కింద పట్టీ లేదు, తుప్పే. లోపలున్నది భాస్వరమో కాదో తెలీక, ఇక దాన్ని నీళ్లలోంచి తీయలేకపోయాం.

అందుకే ఆ కరువంతా మేం గొంతు తడుపుకునే ముందు, దాని కుండ నింపేవాళ్లం.