పరీక్షకు కూర్చున్న కాంక్రీటు

బస్తర్ నిర్మాణ చరిత్ర రాసేవారెవరైనా దాన్ని రెండు యుగాలుగా విడదీయక తప్పదు: చక్రధరరావుగారు కారు తాళంచెవితో కాంక్రీటును తట్టక ముందు, తట్టిన తర్వాత. ఏ కట్టడం దగ్గరికి వెళ్లినా ఆయన మొదట చేసే పని అదే. టక్ టక్‌మని తట్టి, నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకుని, "బలంగానే ఉందండి" అనేవారు. ఆ క్షణం నుంచి ఆ కట్టడం శాశ్వతం. తొలకరి దాకా.

రాజమండ్రిలో ఇంజనీరింగు ముగించి జగదల్‌పూర్‌కు ఒక కాంట్రాక్టు కంపెనీలో జూనియర్ ఇంజనీరుగా వచ్చినప్పటి నుంచి ఆయన చాలా కల్వర్టులు కట్టారు. వాటిలో ఎక్కువభాగం వర్షాలకు పోయాయి. అవన్నీ అసాధారణమైన వర్షాలని ఆయనే కంపెనీకి నివేదించారు. ఇంత నిలకడగా అసాధారణమైన వానలు మరే ఇంజనీరుకూ పడలేదు. కల్వర్టులు దిగువకు కొట్టుకుపోతున్నకొద్దీ ఆయన హోదా పైకి జరిగింది. చివరికి ప్రాజెక్టు మేనేజరై, ఉసూర్ దారిలో వాగు మీద వంతెన చేపట్టారు. అది ప్రభుత్వ తనిఖీలో నెగ్గితే రాయ్‌పూర్ ఆఫీసులో జనరల్ మేనేజరు కుర్చీ ఆయనదేనని యాజమాన్యం మాట ఇచ్చింది. భార్య సుధామణి రాయ్‌పూర్‌లో చూసిపెట్టిన ఇంటికి అప్పుడే కర్టెన్లు కొనేసింది.

కాంక్రీటు పోసేటప్పుడు అందులోంచే కొంత తీసి జానెడు కొలత అచ్చుల్లో పోయాలి. ఆ దిమ్మలే క్యూబులు. గట్టిపడ్డాక వాటిని యంత్రంలో నలగ్గొట్టి, వంతెన బలమెంతో తేలుస్తారు. రావుగారి పద్ధతి వేరు: వంతెనకొక కాంక్రీటు, క్యూబులకొక కాంక్రీటు. వంతెనలోకి మట్టి కలిసిన వాగు ఇసుకా, సులువుగా జారడానికి బకెట్ల కొద్దీ నీళ్లూ వెళ్లేవి. క్యూబులకు కడిగిన ఇసుక, ఏరిన కంకర, ధారాళంగా సిమెంటు, ఆపైన నీడపట్టున తొట్టిలో స్నానం. స్తంభాల మీద తడి గోనెపట్ట వేసినవాడు మాత్రం లేడు.

భోపాలపట్నం నుంచి సిమెంటు పంపే వ్యాపారి శ్రీరంగం ఒకరోజు ఆ తొట్టి వైభవం చూశాడు.

"ఏంది సార్, వీటికి ఇంత గారాబం చేస్తున్నరు? గా వంతెనక్కూడ జర చెయ్యరాదు?"

"మీకు తెలియదండి శ్రీరంగంగారూ," అన్నారు రావుగారు జాలిగా. "పరీక్ష రాసేది క్యూబండి. వంతెన కాదు."

"మరి నా లారీ పోయేది దేని మీదికెల్లి సార్?"

ఆ ప్రశ్నను రావుగారు సాంకేతికం కానిదిగా పరిగణించారు.

తనిఖీకి జగదల్‌పూర్ నుంచి హరిప్రసాద్ అనే అధికారి వచ్చాడు. ఒళ్లు వంచే రకం కాదు. క్యూబులు ఒక మోస్తరు బరువుకు నలిగి ఉంటే సంతకం పెట్టి భోజనానికి లేచేవాడే. కానీ కుర్చీ మీది ఆశతో రావుగారు ఈసారి స్వయంగా నిలబడి సిమెంటు మరికాస్త దట్టించి ఉన్నారు. యంత్రం మూలిగింది. ముల్లు ఉండాల్సిన అంకెను దాటింది, దానికి రెట్టింపునూ దాటింది. క్యూబు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది.

"అరే రావ్ సాబ్, ఇది క్యూబా, కొండరాయా?" అన్నాడు హరిప్రసాద్.

"మా క్వాలిటీ అలాంటిదండి."

"అడిగినదానికంటె ఎక్కువ సిమెంటు పోసిన కంపెనీని నా నౌకరీల చూడలే. చలో, స్తంభం లోపల ఏముందో గూడ చూద్దాం."

"ఎందుకండీ, ఎండ మండిపోతోంది. భోంచేశాక..."

"భోజనం యాడికీ పోదు సాబ్."

స్తంభంలోకి డ్రిల్లింగు గొట్టం దింపి, లోపలి కాంక్రీటును కడ్డీలా బయటికి తీయాలి. తీశారు. వచ్చింది కడ్డీ కాదు, తడి ఇసుకా కాసిని కంకర రాళ్లూ. హరిప్రసాద్ వాటిని అరచేతిలో పోసుకుని చూశాడు. రావుగారు ఆకాశం వైపు చూశారు. అక్కడ మబ్బు తునక కూడా లేదు.

వంతెనను కూల్చేయమన్నారు. రాయ్‌పూర్ కుర్చీ ఇంకెవరికో వెళ్లింది. కంపెనీ ఆయన్ను తీసేయలేదు. అంతటి క్యూబులు పోయగలవాణ్ని ఎవరు వదులుకుంటారు?

ప్రస్తుతం చింతలనార్ దగ్గర ఒక బడికి ప్రహరీ కట్టిస్తున్నారు. గోడ ఎత్తు ఐదడుగులు.