ఏ అంకె మీద లేవాలి

ఆయన పదిహేనేళ్లు అమెరికా ఫుట్‌బాల్ ఆడారు. ఆ పదిహేనేళ్లలో పోటీ జరుగుతుండగా ఆయన బంతిని తాకింది ఒక్కసారే. అది కూడా ఎవరో జారవిడిస్తే దాని మీద పడ్డారు. ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. మర్నాడు మళ్లీ అడిగితే అదే చెప్పారు. నెల తర్వాత అడిగినా ఒక్కసారే అన్నారు. లెక్క మారని మనిషి మాట మీద నాకు నమ్మకం కుదురుతుంది.

నేను నర్సును. కువైట్‌లో ముప్పై రెండేళ్లు ఆసుపత్రి వార్డుల్లో పనిచేసి, ఆ పైన రెండేళ్ల నాలుగు నెలలు ఫింటాస్‌లో ఆయన ఇంట్లో ఉండి ఆయన్ను చూసుకున్నాను. ఆయనది వణుకుజబ్బు. చేతులు వణకడం కంటే కాళ్లు బిగుసుకుపోవడమే ఎక్కువ. ఒకసారి లేస్తే హాలు ఆ చివరి దాకా నడిచేవారు. కుర్చీలోంచి లేవడమే గండం. అప్పటికి ఆయన బరువు నూట నాలుగు కిలోలు, నాది నలభై తొమ్మిది. ఆ మనిషిని నేను చేతులతో లేపగలిగే మాట లేదు.

ఆయన భార్య కువైటీ. అమెరికాలో చదువుకునే రోజుల్లో ఆయన్ను పెళ్లి చేసుకున్నారు. మోకాళ్లు పాడై ఆట ముగిశాక ఆయన ఆమె వెంట ఇక్కడికి వచ్చి, ఒక బడిలో పిల్లలకు వ్యాయామం నేర్పారు. ఆవిడ ఆడపిల్లల బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. వంట చేసే రాయచోటి ఆమె, గల్ఫ్‌లో పనివాళ్లు యజమానురాలిని పిలిచినట్టు, ఆవిడను మామా అనేది. నేను మేడమ్ అనేదాన్ని.

మొదటి మూడు వారాలు ఆసుపత్రిలో అలవాటైనట్టే చేశాను. చంకల కింద చేతులు పెట్టి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేదాన్ని. ఆయన కదిలేవారు కాదు. ఒక్కోసారి ఒకటికే సగం లేచి, మళ్లీ కూలబడేవారు. ఇరవై రెండో రోజు పొద్దున ఆయనకు విసుగొచ్చింది.

"సిస్టర్, ఏ అంకె మీదో ముందు చెప్పాలి కదా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు ఆయన తన పని గురించి వివరంగా చెప్పారు. ఆటలో ఐదుగురు వరసగా వంగి, ఒక చెయ్యి నేలకు ఆనించి నిలబడతారు. ఆయన అందులో ఎడమ చివర. బంతి విసిరేవాడు వాళ్ల వెనక ఉండి గట్టిగా అంకెలు అరుస్తాడు. ఏ అంకె మీద కదలాలో అతను తన వాళ్లకు ముందే గుట్టుగా చెప్పి ఉంటాడు. ఎదుటి జట్టుకు అది తెలియదు. ఆ అంకె రాగానే ఐదుగురూ ఒక్కసారి లేచి ఎదుటివాళ్లను అడ్డుకోవాలి. ముందే కదిలితే తప్పు. ఆలస్యమైతే వెనకున్నవాడి నడుం విరుగుతుంది.

"పదిహేనేళ్లు అతణ్ణి కాపాడాను. ఆటలో ఒక్కసారి కూడా అతని ముఖం చూడలేదు. అతనెప్పుడూ నా వెనకే," అన్నారు.

నేను ఆయన చెవి దగ్గరికి వంగి, "రెండు మీద," అన్నాను. తర్వాత గట్టిగా ఒకటి, రెండు అన్నాను. ఆ నూట నాలుగు కిలోలూ నా చేతుల మీద బరువే పడకుండా లేచి నిలబడ్డాయి.

అప్పటినుంచి రోజుకు ఆరుసార్లు అదే పద్ధతి. ఒకరోజు రెండు, ఒకరోజు నాలుగు. మారుస్తుంటే ఆయనకు ఇష్టం. తేదీ, వేళ, అంకె, లేచారా లేదా అన్నీ నోట్‌బుక్‌లో రాసేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆయన ఆట మొత్తాన్ని కూడా లెక్క కట్టాను. ఏడాదికి పదహారు పోటీలు, పోటీకి సుమారు అరవై సార్లు, పదిహేనేళ్లు. పద్నాలుగు వేల నాలుగు వందలు. ఆ కాగితాన్ని ఆయన చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు.

"ముందే కదిలిన తప్పులు ఇరవై ఒకటి. అవీ రాయండి," అన్నారు. రాశాను. ఒక్కొక్కటీ ఏ ఊళ్లో జరిగిందో ఆయనకు గుర్తే.

ఇక్కడ ఆ ఆట గురించి ఆయన ఎవరికీ చెప్పుకోలేకపోయారు. ఫుట్‌బాల్ ఆడేవాణ్ణంటే ఎవరైనా ఎన్ని గోల్స్ కొట్టావని అడుగుతారు. "సున్నా అని చెబుతాను. జాలిపడి చాయ్ తెప్పిస్తారు," అనేవారు. వినడానికి నేను ఉన్నాను. నా సంగతి వినడానికి మాత్రం ఎవరూ లేరు. శుక్రవారం పొద్దున అబ్బాసియాలో చర్చి ప్రార్థనకు వెళ్లి, గోంగూర కొనుక్కుని, ఒంటి గంటకల్లా బస్సులో వచ్చేసేదాన్ని. ఆ మూడు గంటల్లో నాతో మాట్లాడేవాళ్లు చాలావరకు తమ బీపీ గురించే మాట్లాడేవారు.

నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, నవంబరు ముప్పైతో అయిపోతుంది. అరవై ఎనిమిదేళ్లు నిండాయి, ఇక పొడిగించవద్దని జూన్‌లో నేనే మేడమ్‌కు చెప్పాను. కాకినాడలో మా చెల్లెలి ఇంట్లో ఒక గది ఉంది. అక్టోబరులో డాక్టర్ వచ్చి ఒక షరతు పెట్టాడు. కొత్త నర్సు దొరికినా పగటిపూటే వస్తుంది. మిగతా వేళల్లో భార్య ఒక్కతే ఆయన్ను లేపగలిగితే ఇంట్లో ఉంచుకోవచ్చు. లేకపోతే దీర్ఘకాలపు రోగుల వార్డుకు పంపాలి. నవంబరు పద్దెనిమిదిన వచ్చి చూస్తానన్నాడు.

"అక్కడికి వెళితే నేను మళ్లీ ఈ గడప తొక్కను," అన్నారాయన. నేను అలాంటి వార్డుల్లో పదకొండేళ్లు చేశాను. కాదని అబద్ధం చెప్పలేకపోయాను.

మేడమ్ మర్నాటి నుంచే తనే లేపడం మొదలుపెట్టారు. అక్టోబరు ఇరవై నుంచి నవంబరు తొమ్మిది వరకు ఇరవై ఒక్క రోజులు, రోజుకు రెండుసార్లు. నలభై రెండు సార్లలో ఆయన లేచింది మూడుసార్లు. అవే రోజుల్లో నేను ఎనభై నాలుగు సార్లు లేపాను. లేవనిది రెండుసార్లే.

ఆవిడకు అంకె సంగతి తెలియదు. నేను ఆయన చెవి దగ్గరికి వంగినప్పుడల్లా ఆవిడ నెమ్మదిగా గదిలోంచి వెళ్లిపోయేవారు. క్రైస్తవురాలిని కదా, ప్రార్థన చేస్తున్నాననుకున్నారు. ఒకరి ప్రార్థన వేళ పక్కన నిలబడి వినకూడదని ఆవిడ మర్యాద. ఆవిడ అలా అనుకుంటున్నారని నాకు మొదటి నెలలోనే తెలిసింది. కాదని చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. ఆ వరసలో నిలబడేవాడు అంకె అడగడు, చెబితే వింటాడు. నేను ఏమీ తెలియని పరాయిదాన్ని కాబట్టి నన్ను ఒకసారి అడిగారు. అన్నేళ్లు తన పోటీలు చూసిన భార్యను అడగడానికి ఆయనకు మనసు రాలేదు.

నవంబరు తొమ్మిదిన మేడమ్ ఏడుస్తూ తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్లేసరికి రాయచోటి ఆమె ఉల్లిగడ్డలు తరుగుతోంది.

"ఏం సిస్టరక్కా, ఆయప్ప చెవులో ఏం ఊదుతాండావు నువ్వు?" అంది. "మామా నన్నడిగె. మీ దేవుని మాట నేనంటే తప్పా, సిస్టర్ ఏమన్నా అనుకుంటాదా అని. తురకామె, మన స్తోత్రం నేర్సుకుంటానంటాంది! నేనేం జెప్పేది?"

"ప్రార్థన కాదమ్మా అది."

"మరేందక్కా?"

"అంకె. ఏ అంకెకి లేవాలో ముందు చెప్తాను. అంతే."

ఆమె పకపకా నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి కత్తి కింద పెట్టింది.

"ఇంతేనా? దీన్ని దాపెట్టుకోని ఆ యమ్మను ఏడిపిస్తాండావా? పొయ్యేటప్పుడు పెట్టెలో ఏసుకోని పోతావా యేం? యార్‌పోర్ట్‌లో కాటా ఎక్కిస్తే ఎన్ని కేజీలు తూగుతాదో సూడు!"

నాకు కోపం వచ్చింది. నేను దాచింది ఎవరికీ చెడు చేయాలని కాదు. ఈ దేశంలో నేను లేపితేనే లేచే మనిషి ఒకరున్నారు. ఆయనకు ఇరవై ఒక్క రోజులు గుండెల్లో రాయి పడినట్టుంటే, నేను నా ఎనభై నాలుగు లెక్క చూసుకుని సంతోషించాను. అది తప్పే.

సాయంత్రం మేడమ్ గదికి వెళ్లి, నిలబడే చెప్పాను.

"రెండేళ్లు నేను బయట వరండాలో నిలబడ్డాను, సిస్టర్," అన్నారావిడ.

"అవును మేడమ్. నేను చూశాను."

"ఎందుకు చెప్పలేదు?"

"నాకే ఉండాలనుకున్నాను."

ఆవిడ కిటికీ వైపు తిరిగారు. "ఆయన పోటీలకు వెళ్లేదాన్ని. చలికి రెండు కోట్లు వేసుకుని కూర్చునేదాన్ని. ఆ అరుపులు పైదాకా వినబడేవి. అందులో ఒక్కటే నిజమైన అంకె అని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు." తర్వాత నా వైపు చూడకుండానే, "రేపు పొద్దున మీరు పక్కన ఉండండి," అన్నారు.

మర్నాడు ఆవిడ ఆయన ముందు నిలబడి, క్లాసులో పిల్లలకు చెప్పినట్టు, "ఇత్నేన్ మీద!" అని గట్టిగా అన్నారు. ఇత్నేన్ అంటే రెండు.

ఆయన కళ్లు పెద్దవి చేసి, "మెల్లగా. అవతలివాళ్లు వింటారు," అన్నారు.

"ఎవరు వినేది? సిస్టరా?"

"సిస్టర్ ఇప్పుడు అవతలి జట్టు," అన్నారాయన. ముగ్గురమూ నవ్వాము. ఆవిడ వంగి చెవిలో చెప్పారు. వాహిద్, ఇత్నేన్. ఆయన లేచారు. ఆవిడ భయపడి రెండు చేతులతో ఆయన చొక్కా పట్టుకున్నారు. ఆ పట్టు అవసరం లేదని ఆవిడకు మూడో రోజుకు తెలిసింది.

పద్దెనిమిదో తేదీ పదకొండు గంటలకు డాక్టర్ వచ్చాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. మేడమ్ వంగారు, లెక్కపెట్టారు, ఆయన లేచి హాలు చివరిదాకా నడిచి వచ్చారు. డాక్టర్ ఇంకోసారి అడిగితే ఇంకోసారి లేచారు. ఇంట్లోనే ఉండవచ్చని కాగితం మీద రాశాడు. వంటింట్లోంచి, "ఖలాస్! ఇంగ యాడికీ పోడు!" అన్న కేక వినబడింది.

"ఇది ఎవరు నేర్పారు?" అని డాక్టర్ అడిగాడు.

"ఆయన పాత ఆట ఇది. నాకు ఎప్పుడో తెలియాల్సింది," అన్నారు మేడమ్.

అందులో ఒక్క మాట కూడా తప్పు కాదు. ఆయన మాత్రం నా వైపు చూశారు. నేను కాగితం మీద తేదీ సరిగా ఉందో లేదో చూస్తున్నట్టు తల దించుకున్నాను.

మర్నాడు పొద్దున ఏడు గంటలకు నోట్‌బుక్ తీసుకుని ఆయన గదికి వెళ్లాను. మేడమ్ అప్పటికే కుర్చీ పక్కన ఉన్నారు, ఇంకా నిద్ర బట్టల్లోనే. ఆయన చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పారు. నేను అలవాటుగా ముందుకు వెళ్లబోయి, గుమ్మం దగ్గరే ఆగి, వెనక్కి తిరిగి వరండాలోకి వచ్చాను. లోపల ఆవిడ లెక్కపెడుతున్నారు. ఆయన ఏ అంకె మీద లేచారో నాకు తెలియలేదు. నా టికెట్టుకు ఇంకా పదకొండు రోజులున్నాయి.