వంతెనకు ఏ రంగు?

కొత్త కాలినడక వంతెనకు రంగు వేసే పని ఒప్పుకున్న నాటి నుంచి పెయింటరు మేస్త్రికి మెడ రుద్దుకోవడం అలవాటైంది. పేటవాళ్ళంతా ఒక రంగు మీద ఒక్క మాటకు వచ్చేదాకా బ్రష్షు ముంచవద్దని సంఘం పెద్ద హుకుం. మేస్త్రి పొద్దున్నే వచ్చి వంతెన మెట్ల మీద కూర్చుంటాడు. బ్రష్షు కుచ్చును గోటితో దువ్వుతూ వచ్చేపోయేవాళ్ళ సలహాలు వింటాడు. "నీలం వెయ్యి మేస్త్రీ, కంటికి చల్లగా ఉంటుంది" అంటాడొకాయన. "నీలమా? ఆసుపత్రి మంచంలా ఉంటుంది అన్నయ్యగారూ!" అంటుంది వెనకే వచ్చినావిడ. పసుపు వేస్తే పక్క పేట వంతెనను చూసి వాత పెట్టుకున్నట్టు ఉంటుందట. ఈలోగా వంతెన ఇనుము ఏ పూతా లేకుండానే ఉంది. వాన తగిలి తుప్పు పడితే తిట్లన్నీ మేస్త్రికే.

నిన్న మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. మేస్త్రి ఇక ఎవరినీ అడగలేదు. తుప్పు పట్టకుండా ముందు పూసే ఇటుకరంగు ప్రైమరు డబ్బా విప్పి, ఈ కొస నుంచి ఆ కొసకు ఒక పూత లాగేశాడు. సాయంత్రం జనం మూగేసరికి చీవాట్లకు సిద్ధపడి నిలబడ్డాడు.

"భలే ఉందయ్యా! ఇంత మంచి రంగు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు?" అన్నాడు సంఘం పెద్ద.

"ఇది రంగు కాదు బాబూ, ప్రైమరు. దీని మీద అసలు రంగు..."

"ఇంకేం వెయ్యకు, చెడగొడతావు!" అంది ఆసుపత్రి మంచం అన్నావిడ. తలలన్నీ ఊగాయి.

పేటంతా ఒక్క మాట మీదికి వచ్చేసింది. ఒట్టి ప్రైమరు ఒక్క వానాకాలం కూడా ఆగదని ఇంటింటికీ తిరిగి చెప్పి, ఆ మాటను మళ్ళీ విడగొట్టే పని మేస్త్రి నెత్తిన పడింది.