పునాది లేని బడి

ఇల్లు కట్టించుకునేవాడికి మేస్త్రీ అంటే భయం ఉంటుంది, సిద్ధాంతి అంటే భక్తి ఉంటుంది. ప్లాను గీసి ఇచ్చినవాడంటే ఏమీ ఉండదు. ఈ మాట కోపంలో రాస్తున్నది కాదు. ఏ రోజు ఎవరు వచ్చారో, ఏమడిగారో, నేనేం చెప్పానో ఆ రోజే రాసి పెట్టుకునే అలవాటు నాకు మొదటినుంచీ ఉంది. ఆ పుస్తకాలన్నీ మళ్ళీ వరసగా చదివి, నిదానంగా ఆలోచించి ఈ అభిప్రాయానికి వచ్చాను. కోపం ఆ తరవాత వచ్చింది.

పంతొమ్మిది వందల ముప్పైల మొదట్లో బొంబాయిలో చదువు ముగించుకుని ఏలూరు చేరి, కాలవగట్టుకు దగ్గరలో ఒక గది తీసుకుని బోర్డు కట్టాను. ఆర్కిటెక్టు అన్న మాట అప్పటికి మా వీధిలో ఎవరికీ తెలియదు. దస్తావేజులు రాస్తారా అని అడిగేవారు. కాదు, కట్టబోయే ఇళ్ళకు ప్లానులు గీస్తానని చెబితే, "ఇల్లు ఎలా ఉండాలో మాకు తెలుసు కదండీ, మళ్ళీ మీరు గీయడం ఎందుకండీ?" అని మర్యాదగా అడిగి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేవారు. మా జిల్లాలో అవమానం కూడా 'అండీ' తగిలించుకునే వస్తుంది.

ఈ వృత్తిలో సంతోషం లేదని అనను. తివాచీలు నేసే ఒక కుటుంబానికి మగ్గాల షెడ్డు గీసి ఇచ్చాను. ఉత్తరపు వెలుగు నేరుగా నేత మీద పడేటట్టు పైకప్పును రెండు ముక్కలుగా విరిచి, మధ్యన కిటికీలు పెట్టించాను. నేతగాడు నాతో మంచి మాట ఒక్కటీ అనలేదు. అంతవరకు పగలు కూడా మగ్గం పక్కన వెలిగించి పెట్టుకునే దీపాన్ని తీసుకెళ్ళి వంటింట్లో పెట్టాడు. నాకు అది చాలు. అటువంటివి ఏడాదికి ఒకటి దొరికితే ఎక్కువ. తక్కినవన్నీ ఇప్పుడు చెప్పబోయే బడివంటివి.

తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లు ఉన్న ఒక ఆసామి నన్ను పిలిపించాడు. ఆయన తండ్రి పుట్టింది కొల్లేటిలో, కొల్లేటికోటకు ఆవల ఉన్న ఒక చిన్న లంకలో. తండ్రి పోయిన తరవాత ఆ లంకలో ఆయన పేరు మీద బడి కట్టించాలని కొడుకు సంకల్పం. కారులో మిల్లు చుట్టూ తిప్పి, కాఫీ ఇప్పించి, "మా నాన్నగారి పేరు నాలుగు కాలాలు నిలవాలండి. మీరేం గీస్తారో నాకు తెలియదు, చూసినవాడు ఆగాలి" అన్నాడు. బడిలో పిల్లలు ఏ కాలంలో చదువుకుంటారని అడిగాను. ఆ ప్రశ్న అంతవరకు ఎవరూ ఆయనను అడిగినట్టు లేదు.

దానికి జవాబు లంకలో దొరికింది. మాఘమాసంలో పడవ మీద కొంత దూరం, దోనె మీద కొంత దూరం వెళ్ళాను. అప్పటికే అక్కడ ఒక పంతులుగారు ఉన్నారు. పెంటపాడు ప్రాంతంనుంచి వచ్చిన క్రైస్తవుడు, మెతక మనిషి. వలలు ఆరవేసే పాకలో పాఠాలు చెప్పేవారు. ఆయన చెప్పిందేమంటే, నీళ్ళు తీసిన నెలల్లో సరస్సు అడుగున వరి వేస్తారు. పిల్లలందరూ పిట్టలు తోలడానికి చేలకు పోతారు. నీళ్ళు నిండిన నెలల్లోనే వాళ్ళకు తీరిక. కానీ ఆ నెలల్లో పాకలో మోకాలి లోతు నీళ్ళుంటాయి. అంటే పిల్లలున్నప్పుడు బడి ఉండదు, బడి ఉన్నప్పుడు పిల్లలుండరు. అక్షరాలు వచ్చినవారు ఆ లంకలో ఇద్దరు ముగ్గురు కూడా లేరు. కనుక నేను కట్టవలసింది వరదలో పొడిగా ఉండే బడి. అలా ఉండకపోతే దాన్ని కట్టడమే దండగ.

వరద గుర్తు కోసం వెతికితే అమ్మవారి గుడి గోడ మీద స్పష్టంగా కనిపించింది. దానికి పైన గచ్చు ఉండాలని చెప్పాను. ఊరి పెద్ద, తల నెరిసిన జాలరి, గుడి ముందు కూర్చుని అంతా విని, తల అడ్డంగా ఊపాడు. అమ్మవారి పాదాలకంటే ఎత్తున ఆ లంకలో ఎవరూ గచ్చు వేయరు. అమ్మవారి గచ్చు నేలకు జానెడు ఎత్తు కూడా లేదు. అయితే ముందు గుడినే ఎత్తు చేద్దామన్నాను. అది ఇంకా పెద్ద అపచారమట. ఏటా వరద గుడిలోకి రావాలి. అమ్మవారు జలకమాడాలి. నీరు గడప తాకని ఏడాది చేప పడదని వారి నమ్మకం.

నాకు ఒళ్ళు మండింది. దేవతకు స్నానం కావాలి కాబట్టి పిల్లలు నీళ్ళలో కూర్చోవాలా అని అడిగాను. ఊరి పెద్ద చిరాకు పడలేదు. నేను లేచి గుడి వెనక్కు నడిచాను. దూరాన చేలలో మంచెలు కనిపించాయి. తాటిమొద్దుల మీద కట్టి, పైన కిక్కిసగడ్డి కప్పిన మంచెలు. వాటి మీద మనుషులు కూర్చుని పిట్టలను తోలుతున్నారు. వెనక్కు వచ్చి అడిగాను.

"అవి అమ్మవారి పాదాలకంటే ఎత్తున లేవా?"

"ఉన్నాయండి."

"వాటి మీద మీవాళ్ళు పడుకుంటారా?"

"పడుకుంటారండి. మంచె ఇల్లు కాదు కదండీ. దానికి పునాది ఎక్కడుంది, గడప ఎక్కడుంది? అమ్మ దాన్ని లెక్కపెట్టదండి."

ఏలూరు తిరిగి వచ్చి పదిహేను రోజులు మరో పని ముట్టలేదు. మంచెనే బడిగా గీశాను. చేవదేరిన తాటిమొద్దుల వరసలు, వాటి మీద పట్టెలు, పైన చెక్క నేల, వానగాలి వచ్చే వైపు తడికలు, తక్కిన మూడు వైపులా వెలుతురు. గాలికి ఊగకుండా మొద్దుకూ మొద్దుకూ మధ్య ఏటవాలుగా కట్లు. అంత నిజాయితీ గల డ్రాయింగు నేను అంతకుముందు గీయలేదు. తీసుకుని మిల్లుకు వెళ్ళాను.

ఆసామి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన పక్కన మేస్త్రీ ఉన్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇది మంచె కదండీ."

"అవును."

"పిట్టలు తోలేదండి మంచె. మా నాన్నగారి పేరు చెక్కిన చలవరాయి దేనికి బిగించమంటారు? తాటిమొద్దుకా?"

మేస్త్రీ నవ్వాడు. ఆసామి నవ్వలేదు, అదీ మర్యాదే. వరద సంగతి వివరించాను. ఊరివారు ఎత్తు గచ్చుకు ఒప్పుకోరనీ, పల్లపు గచ్చు మునుగుతుందనీ, ఈ రెండింటి మధ్య ఉన్న దారి ఇదొక్కటేననీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, నేను మొదట ఊరికే నమూనాగా చూపించిన ఇటుక బడి డ్రాయింగు తీసి, గచ్చు ఎత్తు దగ్గర వేలు పెట్టి, దీన్ని అమ్మవారి పాదాలకు దించేస్తే సరిపోతుంది కదా అని మేస్త్రీని అడిగాడు. సరిపోతుందండి అన్నాడు మేస్త్రీ. వాడు సరిపోనిది ఏదీ తన జన్మలో చూడలేదు.

ఆ డ్రాయింగు మీదనుంచి నా పేరు తీసెయ్యమని అడిగాను. అలాగేనండి అన్నాడు ఆసామి. తీయలేదు.

ఆ ఎండాకాలంలో ఇటుక బడి లేచింది. ముందు నాలుగు స్తంభాలు, స్తంభాల మీద కమాను, కమాను మీద చలవరాయి. ప్రారంభోత్సవానికి నన్ను పిలిచారు, వెళ్ళలేదు. శ్రావణంలో తమ్మిలేరు పొంగింది, సరస్సు ఎక్కింది. అమ్మవారు జలకమాడిన రోజే బడి కూడా జలకమాడింది. బెంచీలు తేలి కిటికీలకు అడ్డం పడ్డాయట. పంతులుగారు నల్లబల్లను నెత్తిన పెట్టుకుని దోనె ఎక్కారట. పిల్లలకు మళ్ళీ సెలవు.

దీనివల్ల నాకు జరిగిన మేలు ఏమిటో విన్నవిస్తాను. ఏలూరులో ఒక ప్లీడరుగారి వరండాలో పదిమంది కూర్చుని ఉండగా ఆ మిల్లు ఆసామి, నేను అక్కడే ఉన్నానని చూసి కూడా, "ప్లాను వారిదేనండి. బొంబాయిలో చదివారు. నీళ్ళ సంగతి మనకేం తెలుస్తుందండీ, వారికే తెలియనప్పుడు" అన్నాడు. నేను లేచి జరిగినదంతా మొదటినుంచి చివరివరకు చెప్పాను. అందరూ ఓపికగా విన్నారు. చివర ఒకాయన, "పోనీలెండి, అనుభవం మీద వస్తుంది" అని నన్ను ఓదార్చాడు. అప్పటినుంచి నా గదికి వచ్చేవారు తగ్గారు. నీళ్ళలో బడి కట్టినాయన అన్న పేరు మాత్రం బోర్డు లేకుండానే ఊరంతటికీ తెలిసింది.

వరద ఇంకా తీయకముందే పంతులుగారు, లంక పెద్ద ఇద్దరూ ఏలూరు వచ్చారు. మంచె కట్టిపెట్టమని అడిగారు. మొద్దులు ఊళ్ళో ఉన్నాయి, మనుషులు ఉన్నారు, ఎలా పాతాలో చెప్పేవారు లేరు. నాలో అణచి పెట్టుకున్నదంతా ఆ పెద్దమనిషి మీద పోశాను. అమ్మవారి కాళ్ళకింద బడి కట్టనిచ్చినప్పుడు ఈ తెలివి ఏమైందనీ, పోయి ఆమెతోనే చెప్పుకోమనీ అన్నాను. ఆయన భుజం మీది గుడ్డ ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నాడు.

"తిట్టండి. తిట్టడం అయ్యాక వద్దురుగాని. దోనె రేవులో ఉంచాను" అన్నాడు.

వెళ్ళాను. ఇటుక బడి పక్కనే, నీళ్ళలోనే పని మొదలుపెట్టాము. వెదురుగడతో అడుగు పొడిచి, గట్టి మట్టి తగిలిన చోటల్లా గుర్తులు కట్టించాను. రెండు దోనెల మధ్య మొద్దును నిలబెట్టి, పదిమంది తాళ్ళు పట్టుకుని ఊపి ఊపి దింపేవారు. పిట్టలు తోలే మంచె నాలుగు మొద్దులతో నిలుస్తుంది. ఊరి పిల్లలంతా ఒకేసారి ఒక వైపుకు పరుగెత్తితే కూలని మంచె వారెవరూ కట్టి ఎరగరు. అందుకని మొద్దులు ఎక్కువ వేయించాను, ఏటవాలు కట్లు వేయించాను. "ఇన్ని కాళ్ళెందుకండీ, జెర్రికిమల్లే" అని పనివాళ్ళు వేళాకోళం చేశారు. పైకెక్కి అందరినీ ఒక మూలకు చేరి గంతులేయమన్నాను. మంచె కదలలేదు. ఆ తరవాత ఎవరూ కాళ్ళు లెక్కపెట్టలేదు.

పెద్దతో మాత్రం రోజూ యుద్ధమే. పొద్దున్నే వచ్చి మంచెకు ఇంటి లక్షణం ఏదైనా అంటిందేమోనని పరీక్షించేవాడు. నిచ్చెన ఎక్కే చోట పిల్లలు జారిపోకుండా అడ్డంగా ఒక దుంగ వేయించాను. అది గడప అవుతుందన్నాడు. గడప వచ్చిందంటే ఇల్లు, ఇల్లయితే అమ్మవారి లెక్కలోకి వస్తుంది. చిన్నపిల్ల నీళ్ళలో పడితే ఆమె ఏ లెక్కలో వేసుకుంటుందని అడిగాను. దుంగ తీసేసి, అడ్డంగా మోకు కట్టుకోవచ్చునన్నాడు. మోకు గడప కాదట. రెండు వరసల మోకు కట్టించాను. ఎదురుగా నీళ్ళలో సగం మునిగిన నాలుగు స్తంభాల ఇటుక బడిని చూస్తూ, ఆ వరదలోనే పంతులుగారు కొత్త చెక్క నేల మీద పాఠం మొదలుపెట్టారు. ఎవరి పలకా తడవలేదు. పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే కింద నీళ్ళు మొద్దులకు తగులుతున్న చప్పుడు వినబడింది. అక్కడ ఇంకొంచెంసేపు ఉండవలసింది. పడవ వేళయిందని వచ్చేశాను.

పుష్యమాసంలో పంతులుగారు ఏలూరు వచ్చి, బడి విప్పేశారని చెప్పారు. నేను నమ్మలేదు. మర్నాడే బయలుదేరి వెళ్ళాను. నిజంగానే మంచె లేదు. నీళ్ళు తీసిన బురదలో మొద్దుల గుంటలు మాత్రం వరసలుగా ఉన్నాయి. మొద్దులు చేలకు పోయాయి, పట్టెలు కొన్ని ఇళ్ళ వాములకింద ఉన్నాయి. ఆ మగ్గాల షెడ్డు తరవాత నేను గీసినది గీసినట్టు నిలిచిన కట్టడం అదొక్కటే. పెద్దను నిలదీశాను. నా గొంతు ఊరంతా వినబడి ఉంటుంది.

"విప్పకపోతే ఇల్లయిపోతుంది కదండీ" అన్నాడాయన. "నీళ్ళు రానివ్వండి, మళ్ళీ ఎక్కడివక్కడే పాతుతాం."

ఇది ఇల్లు కాదన్న ఒప్పందం మీదనే పిల్లలు వరదలో పొడిగా కూర్చున్నారు. ఇల్లు కాని దాన్ని నిలిపి ఉంచమని అడిగే హక్కు నాకెక్కడిది? అయినా తిట్టాను. ఇటుక బడికి మాత్రం పునాది, గడప, కమాను అన్నీ ఉన్నాయి కాబట్టి ఎవరూ విప్పలేదు. అందులో వలలు పెట్టుకున్నారు.

ఆ తరవాత కూడా ఏలూరులో, తాడేపల్లిగూడెంలో ఇళ్ళు గీశాను. వెలుతురు కోసం పెట్టిన కిటికీలను పూడ్చినవారున్నారు, మెట్లను తిరగేసినవారున్నారు, నా ప్లాను చూపించి మేస్త్రీ దగ్గర బేరమాడి, ఆ పైన దాన్ని పొట్లం కట్టినవారున్నారు. అవన్నీ పేరుపేరునా రాసి ఉంచాను. మిల్లు ఆసామిని నేను క్షమించలేదు. లంక పెద్దను కూడా పూర్తిగా క్షమించలేదు. కానీ ఏటా ఆషాఢం వెళ్ళబోతుండగా ఆయన ఒక మనిషిని పంపేవాడు, మొద్దులు పాతే రోజున ఒక్కసారి వచ్చి చూసి పొమ్మని. వెళ్ళేవాణ్ణి. ఏటవాలు కట్లలో ఒక్కటి తగ్గించినా ఒప్పుకోకుండా, సాయంత్రందాకా దోనెలో నిలబడి, కేకలేసి, అంతా సరిగ్గా కట్టించి వచ్చేవాణ్ణి.