వాకిట్లో నా మూలుగు

బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా ఇదే చెప్తాను. ఒక్క మాట కల్పించలేదు.

మాది కోయిలకుంట్ల దగ్గర పల్లె. ఆరేళ్ల కిందట శనగ చేనుకు పోతూ ట్రాక్టరు మీంచి పడ్డాను. దెబ్బ మానింది, నడుము నొప్పి మానలేదు. రాత్రంతా మూలుగే. చర్చిలో పాట పాడుతున్నా ఊరికే ఏడుపొచ్చేది.

చివరికి నంద్యాలలో ఒక డాక్టరమ్మ మాత్ర రాసింది. మనసు బాగాలేనివాళ్లకు ఇచ్చేదట.

"నాకేం పిచ్చి పట్టలేదమ్మా," అన్నాను.

"పిచ్చికి కాదు. దిగులుకూ, ఇట్లాంటి పాత నొప్పులకూ ఇస్తాం. గుణం కనపడాలంటే కొన్ని వారాలు పడుతుంది. కలలు ఎక్కువ రావచ్చు. నీ అంతట నువ్వు మాత్రం ఆపొద్దు," అంది.

మొదట్లో కడుపులో తిప్పింది. నోరు ఎండిపోయేది. ఐదో వారంలో... ఆ రాత్రి.

మెలకువ వచ్చింది. ఫ్యాను తిరుగుతోంది. పక్కన మా ఆయన దేవదానం గురక. అంతా మామూలే... కానీ నడుములో నొప్పి లేదు. మెల్లగా పక్కకు తిరిగాను. లేదు. గుండె దడదడలాడింది. సంతోషంతో కాదు... చచ్చిపోయానేమో అనుకున్నాను.

లేచి కడవ దగ్గరకు పోయాను. చెంబుతో నీళ్లు తాగుతున్నాను. అప్పుడు వినపడింది.

"అమ్మా... యేసయ్యా..."

వాకిట్లోంచి. సన్నగా సాగి... చివర్లో ఊపిరి తెగినట్టు. ఆ గొంతు నాదే. ఆరేళ్లు మూలిగినదాన్ని, నా మూలుగు నాకు తెలియదా? నోట్లో నీళ్లు నోట్లోనే ఉన్నాయి.

మా ఆయన గురక ఆగింది. చీకట్లో చెయ్యి చాచి నా పక్క తడిమాడు.

"ఏమే... నొప్పి శానా ఉండాదా?"

నీళ్లు మింగి, "నేను ఈడుండా. నీకూ వినపడిందా?" అన్నాను.

"ఆడెందుకుండావు? ఇప్పుడే కదా మూలిగితివి?"

టార్చి వేసి చూశాడు. వాకిలి ఖాళీ.

డాక్టరమ్మకు చెప్పాను. శ్రద్ధగా వింది. "నిద్రా మెలకువా కలిసిపోయి ఉంటాయిలే," అంది.

"మరి ఆయనకు?"

"ఆరేళ్లు విన్న చెవులు కదమ్మా," అంది.

మాత్ర మానలేదు. ఇప్పుడు చేనుకు పోతున్నాను, వంగి పని చేస్తున్నాను. ఆ మూలుగు నాకు మళ్లీ వినపడలేదు. కానీ... మొన్న తెల్లవారుజామున మా ఆయన లేచి నా నడుము మీద చెయ్యి వేశాడు.

"నాకేం నొప్పి లేదు, పండుకోప్పా," అన్నాను.

"మరి ఇప్పుడు మూలిగిందెవరే?" అన్నాడు.