తార్నాకలో బతికున్న గోరింకలు

నా థీసిస్‌లో గోరింకలన్నీ మే నెలలో చచ్చిపోయాయి. చంపింది కంప్యూటర్. దానికి సుపారీ ఇచ్చింది మా గైడుగారు.

మాది కడప. నోరు కాస్త పెద్దదే, అయినా పీహెచ్‌డీ చేసిన ఐదేళ్లూ దాన్ని కుట్టేసుకునే ఉన్నాను. పని చెప్పుకోవడానికి తేలికే. క్యాంపస్‌లో గోరింకలను వలవేసి పట్టి, కాళ్లకు రంగు రింగులు తొడిగి వదిలేయాలి. నెలనెలా తిరిగి ఏది ఎక్కడ కనిపించిందో రాసుకోవాలి. చోట్లు రెండు: హాస్టల్ మెస్సు, దాని వెనక తుప్పలు. ఆ తర్వాత లెక్క. పక్షి బతికుండే అవకాశం ఎంత, బతికుంటే మన కంటబడే అవకాశం ఎంత, మెస్సు నుంచి తుప్పల్లోకో తుప్పల నుంచి మెస్సుకో మారే అవకాశం ఎంత. ఈ చోటు మారే అవకాశాన్ని నెలకొకటిగా విడివిడిగా పెడదామన్నాను, వేసవి సెలవుల్లో మెస్సు మూసేస్తారు కాబట్టి.

"పక్షులకు సెలవులేంటమ్మా?" అన్నారు సార్. "ఏడాదంతా ఒకటే పెట్టు."

చచ్చే అవకాశాన్ని మాత్రం నెలనెలా మార్చుకోనిచ్చారు. ఎండకు చావడం సైన్సట, తిండి కోసం చోటు మారడం కాదట. తీరా మే నెల వచ్చేసరికి మెస్సులో పిట్ట లేదు, తుప్పల్లోనూ రింగుకాళ్లు లేవు. పోవడానికి దారి ఇవ్వని లెక్క ఇంకేం చేస్తుంది? అన్నిటికీ పాడె కట్టింది. సార్‌కు పండగే అయింది. 'ఎండదెబ్బకు రాలుతున్న గోరింకలు' అని నా ప్రీ-సబ్మిషన్ సెమినార్‌కు ఫ్లెక్సీ కొట్టించారు. అందులో చచ్చిన గోరింక చిన్నది, సార్ నవ్వు పెద్దది. నేను కిక్కురుమనలేదు. నాకిచ్చిన ఆఖరి పొడిగింపు జూన్ నెలాఖరుతో తీరిపోతుంది. ఆలోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు.

మెస్సు మూశారు కాబట్టి తిండికి నేనూ క్యాంపస్ పక్కనున్న తార్నాకకే పోతున్నాను. సిగ్నల్ దాటాక ఒక అక్క ఇడ్లీ బండి ఉంది. సెమినార్‌కు రెండు రోజుల ముందు పొద్దున్నే ప్లేటు పట్టుకుని అక్కడ నిలబడ్డాను. కింద పడిన వడ ముక్క కోసం ఒక గోరింక వచ్చింది. ఎడమకాలికి ఎర్ర రింగు, దాని కింద పసుపుది. నేను తొడిగినవే. నా లెక్క ప్రకారం అది పోయి మూడు వారాలు.

"అక్కా, ఇదెప్పటి నుంచి వస్తోంది?"

"గీ పిట్టనా? మీ మెస్సు బందైనప్పటి సంది గీడనే తింటున్నది," అంటూ అక్క చట్నీ పోసింది. "నువ్వు గూడ అప్పటి సందే కద చెల్లె."

సిగ్గేసింది. నాకు ముందే తట్టిన సంగతి, నోరు మూసుకుని పోగొట్టుకున్నాను. రెండు పొద్దులూ ఆ బండి దగ్గరే కాపు కాసి, వచ్చిన రింగుకాళ్లన్నిటికీ ఫొటోలు తీశాను. గదికి పోయి లెక్కలో మూడో చోటు కలిపాను, తార్నాక. చోటు మారే అవకాశాన్ని నెలనెలకూ విడగొట్టి, ఏప్రిల్‌కూ మే నెలకూ మధ్య మెస్సు నుంచి తార్నాకకు దారి తెరిచాను. అంతకుముందు నెలల్లో తార్నాకలో కంటబడే అవకాశం సున్నా అని రాశాను, ఆ నెలల్లో అక్కడికి పోయి చూసినవాళ్లు ఎవరూ లేరు కనుక. లెక్క మళ్లీ నడిపితే మే చావులు మాయమయ్యాయి.

సెమినార్‌లో ఇదంతా ఆ ఫ్లెక్సీ కిందే నిలబడి చెప్పాను. సార్ మొహం మాడిపోయింది.

"తార్నాక సినాప్సిస్‌లో లేదు," అన్నారు.

ఫొటోలు చాలవు, కమిటీ స్వయంగా చూడాలి అన్నారు నా పరిశోధనను పరిశీలించే కమిటీ కన్వీనర్. కమిటీలో ఐదుగురు. ఒకరికి మోకాళ్ల నొప్పి, ఒకరికి మౌలాలిలో పెళ్లి. నడిచిపోయేంత దూరానికి యూనివర్సిటీ బండి కావాలని ఇంకొకరు. ఇలా మూడు వారాలు గడిచాయి. వాళ్లు వెళ్లేనాటికి మెస్సు తెరిచి రెండు రోజులైంది. ఐదుగురూ శుభ్రంగా ఇడ్లీలు తిన్నారు, ఒకాయన అల్లం చట్నీని మెచ్చుకున్నారు. గోరింక ఒక్కటీ రాలేదు.

"సార్, అవన్నీ మళ్లీ మెస్సుకొచ్చేశాయి. పదండి, ఇప్పుడే చూపిస్తాను," అన్నాను.

"మెస్సు చూడమని మాకు ఆర్డర్ లేదమ్మా," అన్నారు కన్వీనర్ చెయ్యి తుడుచుకుంటూ. "పైగా నీ డేటా మే వరకే. అవి జూన్‌లో బతికుంటే మేమేం చేస్తాం?"

ఆ సాయంత్రం సార్ నన్ను వరండాలోకి పిలిచి మెల్లగా చెప్పారు. "పాత లెక్కతోనే ఇచ్చెయ్యమ్మా. రేపే సంతకం పెడతాను. గోరింకలొచ్చి అడుగుతాయా ఏంటి?"

ఆయన నా మేలు కోరే అన్నారు. అందుకే ఇంకా ఒళ్లు మండింది. రెండు థీసిస్‌లూ ప్రింటు తీసి నాలుగు రోజులు బల్ల మీద పెట్టుకున్నాను. ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలో తెలియక ఫోన్ ఎత్తడం మానేశాను. చివరికి తార్నాక ఉన్నదే ఇచ్చాను. సార్ సంతకం పెట్టలేదు. జూన్ అయిపోయింది. ఏడుపొచ్చింది, కోపం అంతకంటే ఎక్కువొచ్చింది.

జూలై మొదటి సోమవారం ఎప్పట్లాగే ల్యాబుకు పోయి నా కుర్చీలో కూర్చున్నాను. ఆ నెల గోరింకల లెక్క రాసుకోవాలి. అటెండరు హాజరు పుస్తకం తెచ్చి, వరసగా అందరి చేతా సంతకాలు పెట్టించుకుని, నన్ను దాటి పోతున్నాడు.

"అన్నా, నేనిక్కడే ఉన్నాను," అన్నాను.

ఆయన వెనక్కొచ్చి పుస్తకం తిప్పి చూపించాడు. నా పేరు మీద ఎర్ర గీత ఉంది.

"ఉన్నరు మేడమ్, నాకు కనబడ్తలేరా? గీ రిజిస్టర్ల లేరు," అన్నాడు పాపం, నా మొహం చూడకుండా.